ఎక్కుట, దిగుట ప్రమాదకరము

ఆ ఏడాది విద్యాశాఖ ఒక సత్యాన్ని కనుగొన్నది. పిల్లలకు రవాణా అంటే ఏమిటో తెలియదు.

ఈ సత్యానికి ఆధారం తొమ్మిదో తరగతి చివరి పరీక్షలో అడిగిన రెండు మార్కుల ప్రశ్న: 'రవాణా అనగానేమి?' జిల్లేడులంక నుంచి గట్టుపాలెం హైస్కూలుకు వచ్చే ఓలేటి రత్నప్రభ దానికి 'రవాణా అంటే మేము బడికి రావడం' అని జవాబు రాసింది. రాసేటప్పుడు ఆమెకు అందులో సందేహమేమీ తోచలేదు. రోజూ ఏడింటికి తండ్రి నడిపే పంటు మీద ఏరు దాటి, రేవులో బుల్లిరాజు బస్సు ఎక్కి, తొమ్మిది కిలోమీటర్లు ఏటిగట్టు మీద ప్రయాణించి బడి ముందు దిగే పిల్ల ఆమె. రెండు పడవల మీద బల్లలు పరిస్తే పంటు అవుతుంది. దాని మీద ఇరవై ఎనిమిది మంది పిల్లలు, పాలకేన్లు, అప్పుడప్పుడు ఒక గేదె కలిసి ఏరు దాటుతాయి.

ఆ జవాబుకు సున్నా వచ్చింది. పుస్తకంలో ఉన్నది ఇది: 'వస్తువులను, వ్యక్తులను ఒక ప్రదేశము నుండి వేరొక ప్రదేశమునకు చేరవేయుటను రవాణా అందురు.' ఇంటికి వెళ్లి చదువుకుంటే, తాను రోజూ చేసే పనికి ఇంత గౌరవమైన పేరుందని రత్నానికి అర్థమయింది. ఆమె ఆ పని చేస్తుందన్న సంగతి మాత్రం పేరు పెట్టినవారికి అర్థం కాలేదు.

ఇటువంటి జవాబులు జిల్లా అంతటా వచ్చాయి. దానితో 'ప్రత్యక్షానుభవ రవాణా విజ్ఞాన క్షేత్ర పర్యటన' అనే పథకం పుట్టింది. దానికి ఒక ప్రత్యేకాధికారి వచ్చారు. పేరు పరాంకుశం గారు. ఆయనకు పుస్తకాల మీద కంటె అనుభవం మీద నమ్మకం ఎక్కువ. అందుచేత నియమావళి రాయడానికి ముందు స్వయంగా గట్టుపాలెం వచ్చి, ఆగి ఉన్న బుల్లిరాజు బస్సులో పది నిమిషాలు కూర్చుని అనుభవం పొందారు.

డ్రైవరు సీటు వెనక ఒక హెచ్చరిక ఉంటుంది: 'కదులుచున్న బస్సు ఎక్కుట, దిగుట ప్రమాదకరము.' ఆ రోజు బుల్లిరాజు తన తువ్వాలు ఉతుక్కుని అక్కడున్న మేకుకు ఆరవేసుకున్నాడు. తువ్వాలు కింద మొదటి మాట ఉండిపోయింది. పరాంకుశం గారు మిగిలినది శ్రద్ధగా రాసుకున్నారు.

ఆగస్టులో సర్క్యులరు వచ్చింది. పద్నాలుగు పేజీలు. అందులో ఏడవ నిబంధన ఇది: 'బస్సు ఎక్కుట, దిగుట ప్రమాదకరమని రవాణా సంస్థయే స్వయముగా ప్రకటించియున్నందున, పర్యటన యందు విద్యార్థులెవ్వరును ఏ వాహనమును ఎక్కరాదు, దిగరాదు.' ఎనిమిదవది దాని కొనసాగింపు: 'వాహనములు తిరుగు చోటికి విద్యార్థులు పోవుట అంతకంటె ప్రమాదకరము గావున, వాహనమే విద్యార్థి యొద్దకు వచ్చి, నిశ్చలముగా నిలిచి, పరిశీలనకు తన్ను తాను అర్పించుకొనవలెను.' బడి పిల్లలందరూ నెలకొకటి చొప్పున నాలుగు పర్యటనలు చేయాలి. ఒక్కొక్క పర్యటనకు అనుభవ పుస్తకంలో ఒక ముద్ర. నాలుగు ముద్రలు లేని పదో తరగతి వారికి పబ్లిక్ పరీక్షకు హాల్ టికెట్టు రాదు.

రత్నం ఆ ఏడే పదో తరగతిలోకి వచ్చింది. జిల్లేడులంకలో పదో తరగతి పరీక్ష రాసిన ఆడపిల్లలు అప్పటికి ముగ్గురు. నాలుగో మనిషి తానని ఆమె ఎవరితోనూ అనలేదు గాని, రోజుకొకసారి మనసులో అనుకునేది.

*

మొదటి పర్యటనకు బస్సు కావలసి వచ్చింది. ప్రత్యేకాధికారి అనుభవం పొందిన బస్సు ఒకటే కనుక ఆ బస్సునే పంపమన్నారు. సెప్టెంబరు మొదటి సోమవారం బుల్లిరాజు దాన్ని గట్టుపాలెం హైస్కూలు మైదానంలోకి తెచ్చి ఆపాడు. చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టారు. పైన షామియానా కట్టి, ముందు అద్దానికి దండ వేశారు. చుట్టూ తాడు కట్టి, 'వాహనమును తాకరాదు' అని అట్ట వేలాడదీశారు.

ఆ సంగతి ఏటి అవతలి వారికి ఎవరూ చెప్పలేదు. రత్నమూ మిగతా పిల్లలూ రేవులో తొమ్మిది దాకా బస్సు కోసం చూశారు. చూసి నడిచారు. బడికి చేరేసరికి పదకొండున్నర. షామియానా కింద తమ బస్సు ఉంది. పర్యటన తొమ్మిదిన్నరకే ముగిసింది. ముద్ర పెట్టె మూసేశారు.

"ఇదేంటే, మన బస్సు!" అంది సలోమి. ఆమె రత్నం పక్క బెంచీ పిల్ల, అదే లంక. "మనల్ని తీసుకురాకుండా మనకంటే ముందొచ్చేసి కూచుంది."

"దానికి మనమంటే ఏంటో తెలీదులే. దానికీ ఓ పర్యటన పెట్టాలి," అంది రత్నం.

బుల్లిరాజు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. రోజంతా సీట్లోనే ఉండాలని ఆయనకు ఆర్డరు. "అమ్మాయిగారూ, నన్ను తిట్టుకోకండే. ఇరవై రెండేళ్లు నడిపానండి. ఇలా నిలబెట్టి దండెయ్యడం ఇదే మొదలు. నాక్కూడా అంతు తెలీట్లేదు."

ఆయన వెనక మేకుకు తువ్వాలు అలాగే ఉంది. రత్నం రెండేళ్లుగా ఆ సీటు వెనకే కూర్చున్న పిల్ల. తువ్వాలు కింద ఏముందో ఆమెకు తెలుసు. తిన్నగా హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

హెడ్మాస్టరు సుందరరామయ్య గారు మంచివారు. రిటైరు కావడానికి ఏడు నెలలున్న మంచివారు.

"సార్, ఆ బోర్డు మీద ముందు ఇంకో మాట ఉందండి."

"ఏ మాటమ్మా?"

"కదులుచున్న, అండి. కదులుచున్న బస్సు ఎక్కకూడదంట. ఆగిన బస్సు ఎక్కొచ్చండి. బుల్లిరాజు గారి తువ్వాలు అడ్డొచ్చింది."

సుందరరామయ్య గారు సర్క్యులరు తీసి ఏడవ నిబంధన చదివారు. కళ్లద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. సర్క్యులరులో తువ్వాలు లేదు.

"నిజమే అయ్యుంటుందమ్మా. కాని ఆ తువ్వాలు తీసే అధికారం నాకు లేదు," అన్నారు. తరవాత బాధగా, "ఆలస్యంగా వచ్చారు గదా, నిబంధన ప్రకారం సర్క్యులరు ఒక పేజీ నకలు రాయాలి. రోజుకొక పేజీ. నా చేతిలో ఏమీ లేదు," అన్నారు.

రత్నం మొదటి పేజీ రాసింది. మర్నాడు ఏడున్నరకల్లా రేవు నుంచి నడక మొదలుపెట్టినా, వాన పడి గట్టంతా బురద. చేరేసరికి పది. రెండో పేజీ రాసింది. బస్సు మళ్లీ పరిశీలన కోసమని మైదానంలోనే ఉండిపోయింది. పద్నాలుగు రోజుల్లో పద్నాలుగు పేజీలూ అయ్యాయి. పదిహేనో రోజు నుంచి మళ్లీ మొదటి పేజీ. జిల్లా మొత్తంలో ఆ సర్క్యులరును ఆసాంతం చదివినవారు ఇద్దరే: రాసిన పరాంకుశం గారు, నకలు రాసిన రత్నప్రభ. అందులో ఆయన ఒక్కసారే చదివారు.

*

రెండో పర్యటన జలరవాణా.

ఏటిలో ఉన్న పడవ నిబంధనల దృష్టిలో రెండు విధాల దోషి. అది కదులుతుంది, పైగా కింద నీరు ఉంటుంది. కనుక పంటును రెండు ట్రాక్టర్ల మీద ఎక్కించి మైదానానికి తెచ్చారు. దానితో రత్నం తండ్రి వీరభద్రాన్నీ తెచ్చారు. చొక్కాకు 'వనరు వ్యక్తి' అని రాసిన బిళ్ల పెట్టారు. దానికర్థం ఏమిటని ఆయన అడిగాడు. తెలిసినవాడని అర్థమన్నారు. ఏం తెలిసినవాడని అడిగితే, అది బిళ్లలో లేదన్నారు.

"గెడ వేసి చూపండి," అన్నారు హెడ్మాస్టరు గారు.

వీరభద్రం గెడకర్ర తీసి మైదానం మట్టిలో దింపాడు. పంటు కదల్లేదు. "ఏట్లో వేసే గెడండీ ఇది. మట్టిలో ఏం నడుత్తాదండీ?"

"నడవకూడదు. నిశ్చలముగా నిలవాలి. మీరు వేస్తున్నట్టు వెయ్యండి, అది వెళ్తున్నట్టు పిల్లలు రాసుకుంటారు."

ఆయన సాయంత్రం దాకా వేశాడు. పిల్లలు 'పడవ నీటిపై ముందుకు సాగును' అని రాసుకున్నారు.

ఆ వేళ ఏటి అవతల ఇరవై ఎనిమిది మంది రేవులో నిలబడ్డారు. రత్నం మేనమామ చిన్న నావ ఒకటుంది. ఆరుగురికి మించి పట్టదు. రత్నం అందరికంటె పెద్దది కనుక చిన్నవాళ్లను ముందు ఎక్కించి ఆఖరి దఫాలో దాటింది. అప్పటికి తొమ్మిది. ఆ తరవాత తొమ్మిది కిలోమీటర్లు. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి తండ్రి మైదానంలో మట్టికి గెడ వేస్తూ కనిపించాడు. ముద్ర పెట్టె మూసేసి ఉంది.

"ఏమ్మా, ఇప్పుడా రావడం?" అన్నాడు వీరభద్రం.

"నువ్వు తేలేదు కద నాన్నా."

ఆయన గెడ ఆపి, బిళ్ల వంక చూసుకుని, మళ్లీ గెడ వేశాడు.

మూడో పర్యటన రహదారి. రహదారిని ఎత్తి మైదానంలో పెట్టడం కుదరదని ఇంజనీరు గారు విచారం తెలియజేశారు. ప్రతినిధిగా కిలోమీటరు రాయిని పెకలించి తెచ్చి పంటు పక్కన పాతారు. దాని మీద 'జిల్లేడులంక రేవు 9 కి.మీ.' అని ఉంది. మైదానంలో ఎటు నిలబడి చూసినా తొమ్మిదే. ఆ రోజూ రత్నం ఆలస్యంగా వచ్చి, రాయి ముందు నిలబడి చూసింది. బస్సు వచ్చింది, పంటు వచ్చింది, రాయి వచ్చింది. రేవు దగ్గర మిగిలినది దూరం ఒక్కటే. దాన్ని మాత్రం ఎవరూ పట్టుకు రాలేకపోయారు. అది ఇంకా తన కాళ్ల మీదనే రోజూ వస్తోంది, పోతోంది.

ఇంటి దగ్గర తల్లి వేన్నీళ్లలో ఉప్పు వేసి కాళ్లకు కాపడం పెడుతూ, "పోనీ ఈ ఏడు మానేత్తావేటే?" అని ఒక్కసారి అంది. రత్నం రెండో కాలు కూడా ముందుకు చాపింది. తల్లి మళ్లీ అడగలేదు.

*

డిసెంబరులో నాలుగోదీ చివరిదీ అయిన పర్యటన జరిగింది. దానికి ముగింపు సభ అని పేరు. ప్రత్యేకాధికారి వస్తారు కనుక, లంక పిల్లలను ముందు రోజే రప్పించి బడిలో పడుకోబెట్టారు. పరాంకుశం గారు బస్సునూ, పంటునూ, రాయినీ చుట్టి వచ్చి, మూడింటి నిశ్చలతకూ సంతోషించి, వేదిక మీద కూర్చుని అనుభవ పుస్తకాలు పరిశీలించారు. గట్టుపాలెం పిల్లలకు మూడేసి ముద్రలున్నాయి. లంక పిల్లల పుస్తకాలు తెల్లగా ఉన్నాయి.

"ఈ ఇరువది ఎనమండుగురు రవాణా పర్యటనలకు ఏల హాజరు కాలేదు?"

సుందరరామయ్య గారు లేచారు. "రవాణా లేక, అండి."

"రవాణాను గూర్చి నేర్చుకొనుటకు రవాణా లేదనుట కారణమగునా? అది అజ్ఞానమే. అజ్ఞానమును తొలగించుటకే గదా ఈ పథకము! అనుభవశూన్యులగు వీరిలో పదో తరగతి వారికి హాల్ టికెట్లు నిలుపుదల చేయవలసినదే." ఇలా అంటూ పైనున్న పుస్తకం తెరిచి మొదటి పేజీ చూశారు. చూసి ఆగారు. "ఓలేటి రత్నప్రభ ఎవరు?"

రత్నం లేచింది.

"జన్మస్థలమను గడిలో 'పంటు, నడి ఏరు' అని యున్నది. ఇది స్థలమా, వాహనమా?"

"పుట్టిన చోటండి. మా అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే సగం ఏట్లో పుట్టేశానండి. ధ్రువపత్రంలోనూ అలాగే ఉందండి."

మైదానంలో పంటు పక్కన నిలబడ్డ వీరభద్రం గర్వంగా, "నేనే గెడ వేత్తున్నానండి ఆయ్! గెడ ఆపలేదండి," అన్నాడు.

సభ నవ్వింది. పరాంకుశం గారు నవ్వలేదు. ఆయన ఆలోచనలో పడ్డారు. రత్నం కూడా ఆలోచనలోనే ఉంది. ఆమెకు ఆరో పేజీ గుర్తొచ్చింది. నాలుగుసార్లు నకలు రాసిన పేజీ.

"సార్, నేను వాహనం ఎక్కలేదండి."

"ఏమి?"

"ఏడో నిబంధన ప్రకారం ఎవరూ వాహనం ఎక్కకూడదు గదండి. నేను పంటు ఎక్కలేదు. అందులో పుట్టాను. ఎక్కకుండా అందులో ఉన్నదాన్ని నేనొక్కదాన్నేనండి. పదకొండో నిబంధనలో మీరే రాశారండి: జన్మస్థలమున సందేహము కలిగినచో, అధికారి స్వయముగా ఆ స్థలమునకు పోయి, సాక్షుల సమక్షమున పరిశీలింపవలెను; అంతవరకు విద్యార్థిపై ఏ చర్యయు తీసుకొనరాదు."

పరాంకుశం గారు సర్క్యులరు తెప్పించి చూశారు. అక్షరం పొల్లుపోలేదు. తన వాక్యాన్ని మరొకరి నోట అంత స్పష్టంగా వినడం ఆయనకు అదే మొదటిసారి. మొహం వికసించింది.

"స్థలమెచ్చట?"

"ఏటి మధ్యండి. పంటు అక్కడ ఉంటేనే స్థలం అవుతుంది. ఇక్కడుంటే అది పంటే గానీ నేను పుట్టిన చోటు కాదండి."

"సమంజసమే. సాక్షులు?"

"మా లంకవాళ్లండి. నాతో కలిపి ఇరవై ఎనిమిది మంది."

"విద్యార్థులు వాహనమెక్కరాదే?"

"విద్యార్థులు ఎక్కకూడదండి. సాక్షులు ఎక్కకూడదని ఎక్కడా లేదండి. పద్నాలుగు పేజీల్లోనూ లేదు."

పరాంకుశం గారు కలం తీశారు.

*

మర్నాడు పంటు మళ్లీ ట్రాక్టర్ల మీద రేవుకు వెళ్లి నీటిలో దిగింది. బస్సు చక్రాల కింద ఇటుకలు తీశారు. ప్రత్యేకాధికారి ముందు సీట్లో కూర్చున్నారు; సాక్షులు వెనక కూర్చున్నారు. మూడు నెలల తరవాత ఇంజను మోగితే సలోమి చప్పట్లు కొట్టబోయి, తాను సాక్షినని గుర్తొచ్చి ఊరుకుంది.

గట్టు మీద గుంతలో బస్సు ఎగిరినప్పుడు మేకు మీది తువ్వాలు జారి కింద పడింది. పరాంకుశం గారు బోర్డు వంక చూశారు. 'కదులుచున్న' అన్న మాటను ఆయన రెండుసార్లు చదవడం రత్నం చూసింది. బస్సులో అందరూ చూశారు.

"డ్రైవర్," అన్నారాయన. "ఆ తువ్వాలును యథాస్థానమున ఉంచుము."

"చిత్తమండి," అన్నాడు బుల్లిరాజు, ఉంచాడు.

నడి ఏట్లో వీరభద్రం గెడ దింపి పంటును ఆపాడు. "ఇక్కడేనండి."

"కచ్చితముగా ఇచ్చటనేనా?"

"చోటిదేనండి. నీళ్లయితే ఆ నీళ్లు కావండి. అయ్యి ఆ రోజే సముద్రంలోకి ఎల్లిపోయాయండి."

పరాంకుశం గారు చాలాసేపు నీటిని చూశారు. నీరు పోతూనే ఉంది. ఆయన జీవితంలో నిశ్చలంగా నిలవని ఫైలు ఇదే మొదటిది. మొహంలో మొదట చిరాకు కనిపించింది, తరవాత భయం వంటిది, ఆ తరవాత ఒక విధమైన శాంతి. ఏ ఒడ్డు నుంచి బయలుదేరారో ఆ ఒడ్డు ఒక్క క్షణం ఆయనకు గుర్తులేనట్టుంది. చివరికి నోట్సు పుస్తకం తెరిచి రాశారు: 'స్థలము నిరంతర చలనములో నున్నది. నిన్నటి పరిశీలన నేటికి చెల్లదు. కావున అధికారికి మారుగా విద్యార్థినియే సాక్షుల సమేతముగా ప్రతిదినము, పాఠశాల పనిదినములందు, ఉదయము నడి ఏట పరిశీలించి, బస్సులో పాఠశాలకు చేరి నివేదించి, సాయంకాలము పునఃపరిశీలనకై తిరిగి రావలెను. ఒక్కొక్క దినపు పరిశీలన ఒక్కొక్క ప్రత్యక్షానుభవముగా ముద్రార్హము.'

నాలుగు రోజుల్లో నాలుగు ముద్రలు పడ్డాయి. హాల్ టికెట్లు వచ్చాయి. పరిశీలన మాత్రం తేలలేదు. రోజూ ఏడింటికి పంటు కదులుతుంది. నడి ఏట్లో వీరభద్రం గెడ దింపకుండానే "ఇక్కడేనండి" అని కేక వేస్తాడు. సాక్షులు "చూశాం" అంటారు. రేవులో బస్సు ఎక్కుతారు, బడి ముందు దిగుతారు. రిజిస్టరులో 'జన్మస్థల పరిశీలన, సాక్షుల హాజరు పూర్తి' అని సుందరరామయ్య గారు సంతకం పెడతారు. ఒకరోజు పాలకేన్లు కూడా సాక్షులయ్యాయి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కిలోమీటరు రాయి ఒక్కటే మైదానంలో మిగిలిపోయి, కబడ్డీ ఆడేవాళ్లకు గీతగా పనికివచ్చింది.

మార్చిలో పబ్లిక్ పరీక్ష వచ్చింది. సాంఘికశాస్త్రంలో రెండు మార్కుల ప్రశ్న: రవాణా అనగానేమి?

రత్నానికి పుస్తకంలోని జవాబు కామాలతో సహా కంఠతా వచ్చు. కలం పెట్టబోయి కిటికీలోంచి చూసింది. గేటు బయట వేపచెట్టు నీడలో బస్సు ఆగి ఉంది. బుల్లిరాజు స్టీరింగు మీద తల ఆనించి నిద్రపోతున్నాడు, పరీక్ష అయ్యాక వాళ్లను తీసుకుపోవడానికి. మిగతా జవాబులన్నీ మరొక్కసారి లెక్కచూసుకుంది. రెండు మార్కులు పోయినా పరవాలేదు.

'రవాణా అంటే మేము బడికి రావడం' అని పోయినేడు రాసిన వాక్యమే మళ్లీ రాసింది. ఈసారి దాని పక్కన ఇంకొకటి చేర్చింది. నాలుగు పర్యటనలలో విద్యాశాఖ ఆమెకు నేర్పింది అదే.

'మళ్లీ ఇంటికి పోవడం.'